ఊర్లో లేని గిద్యోను

మొగులప్పకు కోపం వచ్చిందంటే నోటికన్నా ముందు ఎడమచెయ్యి కదిలేది. భుజం మీది తువ్వాల కిందికి పోయి దాక్కునేది. ఆ చేతికి బొటనవేలు లేదు, చూపుడువేలు సగమే ఉంది. కోపం రాని పూట ఆయన బతుకులో అరుదు కాబట్టి ఆ చెయ్యి తువ్వాల బయట ఉండగా చూసినవాళ్లు ఊళ్లో తక్కువ. చూడకపోతేనేం, కథలకు కొదవా? చెరుకు గానుగలో పెట్టుకున్నాడని ఒకరు, పెళ్లి ఊరేగింపులో పటాసు పేలిందని ఒకరు, మిలిటరీ నుంచి తప్పించుకోవడానికి తనే గొడ్డలితో నరుక్కున్నాడని ఇంకొకరు. ఈ చివరిది పుట్టించినవాడి నోట మన్నుపడ, అదే అన్నిటికన్నా ఎక్కువ చెలామణి అయింది.

"యుద్ధంల పోయింది" అని మొగులప్ప చెప్పబోతే చాయ హోటలు బల్ల మీద కూర్చున్న వీరప్ప పటేలు మీసం కింద నవ్వేవాడు.

"యుద్ధం జేసినోళ్లకు బిళ్ళలిస్తరంట గద! నీ బిళ్ళ ఏదిరా? జర తీస్కరా, మేం గూడ జూస్తం."

హోటలంతా నవ్వేది. మొగులప్ప చాయ సగంలోనే వదిలి లేచిపోయేవాడు. ఆ బిళ్ళ తెచ్చి, పటేలు ముక్కు ముందు ఆడించి, ఆ నవ్వు వాడి గొంతులోనే ఆపాలి. ఆయన కోరిక అంతే. ఎకరం భూమి ఇస్తామన్నా దానికి బదులు పుచ్చుకునేవాడు కాదేమో.

బిళ్ళ రాక కాదు. వచ్చింది. ఒకటి కాదు, మూడు బిళ్ళలు వచ్చాయి. సర్కారు ఇచ్చింది, టపాలో పంపింది కూడా. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదు. ఆ పూజారి సంగతి చెప్పేముందు ఆ వాడ పేర్ల సంగతి చెప్పాలి.

అందరూ ఖేడ్ అనే నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే తొవ్వలో ఉంటుంది ఆ ఊరు. అక్కడి మాదిగవాడలో మనిషికి రెండు పేర్లు. మిషన్ వాళ్లు వచ్చి బాప్తిస్మాలు ఇచ్చిన కాలం నుంచీ అంతే. పుట్టగానే ఇంటి ముసలమ్మ ఒక పేరు పెడుతుంది, చర్చిలో పాస్టరు ఇంకొకటి పెడతాడు. రెండూ ఉంటాయి, ఏదీ అబద్ధం కాదు. ఈయన పుట్టినప్పుడు నాయనమ్మ పోశమ్మ చచ్చిపోయిన తన పెనిమిటి పేరు పెట్టుకుని, బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి ఎత్తుకుపోయి పుట్టువెంట్రుకలు తీయించింది. తర్వాతి ఆదివారం తండ్రి యోసేపు అదే బోడిగుండు మీద పాస్టరుతో నీళ్లు చల్లించి గిద్యోను అనిపించాడు. పిల్లవాడికి రెండువైపుల నుంచీ దీవెన దక్కిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

అలా వాడలో గిద్యోను, ఊళ్లో మొగులప్ప. ఊరికీ వాడకూ మధ్య ఉన్నది ఒక చిన్న వాగు, అదీ వానాకాలం తప్పిస్తే ఎండే ఉంటుంది. అయినా గిద్యోను అన్న పేరు ఎన్నడూ ఆ వాగు దాటలేదు. భూమి కాగితం రాసిన పట్వారీ ఊరివాడు గనక మొగులప్ప అని రాశాడు. చదివిన బడి మిషన్ వాళ్లది గనక అక్కడ గిద్యోను అని రాశారు. పట్నంలో మిలిటరీ భర్తీకి పోతే బడి కాగితం అడిగారు. ఉన్నది చూపించాడు. సైన్యం గిద్యోనును తీసుకుపోయింది, మొగులప్ప పేరు ఊళ్లోనే ఉండిపోయింది.

సైన్యంలో ఆయన పని మందుపాతరలు ఏరడం. బోర్లా పడుకుని, సన్నటి ఇనుపకడ్డీతో మన్ను గుచ్చి చూసుకుంటూ ముందుకు పాకాలి. వాళ్లు సాఫు చేసిన దారిలోనే వెనక ట్యాంకులు కదలాలి. డెబ్బై ఒకటి యుద్ధంలో, పడమటి సరిహద్దులో, కందిచేలో కలుపు తీసినంత ఓపికగా ఆ పని చేశాడు. ఒక మధ్యాహ్నం పక్కన పాకుతున్న తమిళ సిపాయి మోచెయ్యి పడరానిచోట పడింది. ఆ సిపాయి మళ్లీ లేవలేదు. గిద్యోను లేచాడు గాని వేళ్లు ఆ ఇసుకలోనే ఉండిపోయాయి. దవాఖానలో ఒక పెద్దాఫీసరు మంచం దగ్గరికి వచ్చి, గాయపడ్డవాళ్లకు వేరే పతకం ఉంటుంది, వస్తుంది, పిల్లలకు చూపించుకో అన్నాడు.

చెయ్యి పనికిరాదని ఇంటికి పంపేశారు. వచ్చి హన్నమ్మను చేసుకున్నాడు. తండ్రి ఇచ్చిన చెలకలో జొన్నలు, కందులు వేసుకున్నాడు. కూతురు పుట్టింది. చర్చిలో రిబ్కమ్మ, ఊరి సర్కారు బడిలో శివమ్మ. అనుభవం మీద కూడా బుద్ధి రాలేదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. అప్పటికి దెబ్బ తగిలితే కదా బుద్ధి రావడానికి!

దెబ్బ ఆ తర్వాత తగిలింది. శివమ్మను బడిలో వేసిన ఏడే ఊరికి కొత్త పోస్టుమాన్ వచ్చాడు. నాగల్‌గిద్ద వైపువాడు, పేరు మాణిక్యప్ప, మాటలో సగం కన్నడం. చెడ్డవాడని ఎవరూ అనరు. ఊళ్లో ఉన్న పద్ధతి పాటించాడంతే, ఆ పద్ధతి తగలబడ! పోస్టుమాన్ వాడలో కాలుపెట్టడు. వాడవాళ్ల ఉత్తరాలు హోటలు బల్ల మీద పెట్టిపోతాడు. వేరే గ్లాసులో చాయ తాగడానికి వచ్చిన వాడమనిషి ఎవరో ఒకరు పట్టుకుపోతారు. కానీ ఆ రోజు వచ్చింది ఉత్తరం కాదు, రిజిస్టరు పార్సెలు. మనిషి చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. మాణిక్యప్ప హోటలు ముందు సైకిలు ఆపాడు.

"గిద్యోను అంటే యారప్పా ఇక్కడ?"

"గసొంటి పేరు మా ఊర్ల ఎవలికి లేదు" అన్నాడు వీరప్ప పటేలు. అబద్ధం కాదది. ఊళ్లో నిజంగానే లేదు.

వాగు దాటితే వాడ. అక్కడ లాగు కూడా వేసుకోని పిల్లవాడిని అడిగినా చెయ్యి పట్టుకుని గిద్యోను గుమ్మం ముందు నిలబెట్టేవాడు. మాణిక్యప్ప దాటలేదు. పార్సెలు మీద 'ఈ పేరు గల మనిషి ఈ ఊర్లో లేడు' అని రాసి, సైకిలు తిప్పుకుని పోయాడు. అదే సమయంలో ఆ మనిషి తన చెలకలో గుంటక తోలుతున్నాడు. సైకిలు గంట వినబడే ఉంటుంది కూడా.

మరుసటి ఏడు, బిళ్ళలు ఏవని పాస్టరు చిరునామాతో ఉత్తరం రాయిస్తే అప్పుడు తెలిసింది సంగతి. పంపాము, ఆ పేరు గలవాడు లేడని తిరిగొచ్చింది, అసలు మీరెవరు అని జవాబు. మొగులప్ప ఆ కాగితం పట్టుకుని ఒక్క ఉరుకులో హోటలుకు పోయి, చాయ తాగుతున్న మాణిక్యప్ప కాలరు పట్టుకున్నాడు.

"వాడకెందుకు రాలేదు? వాగు దాటితె నీ కాళ్లు కాలుతయా?"

"అడిగిన గద! లేడన్నరు" అని మాణిక్యప్ప గింజుకున్నాడు.

"ఎవల్నడిగినవ్? నన్నడిగినవా? నా పెండ్లాన్నడిగినవా?"

పదిమందీ కలిసి విడిపించారు. ఆ సాయంత్రమే పంచాయితీ పెట్టారు. పార్సెలు పోగొట్టినవాడి మీద కాదు, సర్కారు నౌకరు మీద చెయ్యేసినవాడి మీద. వీరప్ప పటేలు తీర్పు చెప్పాడు, మొగులప్పతో అందరి ముందూ తప్పయిందని అనిపించారు. ఆయన అన్నాడు. అని ఇంటికొచ్చి, ఆ కోపంలో వాకిట్లో ఉన్న కుండ తన్ని పగలగొట్టాడు. కుండ తెచ్చింది హన్నమ్మ గనక ఆమె తిట్లు కూడా తిన్నాడు. అదీ న్యాయం!

అక్కడి నుంచి మొదలైంది ఉత్తరాల తిరుగుడు. మిలిటరీ వాళ్లిచ్చిన డిశ్చార్జి పుస్తకంలో గిద్యోను. రేషను కార్డులో, ఓటరు లిస్టులో, భూమి కాగితంలో మొగులప్ప. పుస్తకం చూపిస్తే, ఇది నీకు ఎక్కడైనా దొరికి ఉండవచ్చు అన్నారు. ఫోటో చూడండి సారూ అంటే, ఈ కుర్రవాడికీ నీకూ పోలికేది అన్నారు. జిల్లా ఆఫీసులో తువ్వాల తీసి చెయ్యి చూపిస్తే అక్కడి గుమాస్తా అద్దాల పైనుంచి చూసి, "చేతులు ఎక్కడైనా తెగుతాయయ్యా" అన్నాడు. ఆ రోజు బస్టాండు దాకా నడిచివస్తూ మొగులప్ప దారిపొడుగునా ఆ మాటే నమిలాడు. యుద్ధంలో పోయిన వేలికి ఊళ్లో గానుగ, ఆఫీసులో ఎక్కడైనా! ఆ తర్వాత ఎవరికీ ఆ చెయ్యి చూపించలేదు.

పిల్ల పెద్దదయింది, పదో తరగతి దాటింది, ఇంటరూ దాటింది. మాణిక్యప్ప తల నెరిసింది. మొగులప్ప మాత్రం ఆయన ఉన్న పూట హోటలు గడప తొక్కలేదు, ఎదురొస్తే పక్కకు ఉమ్మేసేవాడు. తన పేరున వచ్చిన జవాబులు తెచ్చుకోవడానికి ఖేడ్ పోస్టాఫీసు దాకా నడిచాడు గాని ఆయన చేతి నుంచి ఒక్క కవరు అందుకోలేదు.

తొంభై ఒకటిలో, దేవుడు నిద్ర లేచాడు అన్నట్టు ఒక జవాబు వచ్చింది. ఎవరో కొత్త ఆఫీసరు పాత కాగితాలు దులిపినట్టున్నాడు. గిద్యోను, మొగులప్ప ఒక్కరేనని మీ మండలం రెవెన్యూ అధికారి ధ్రువపత్రం పంపండి, రికార్డు సరిచేసి మూడు పతకాలూ పంపుతాము అని రాశాడు. పాస్టరు చదివి వినిపిస్తుంటే మొగులప్ప మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాక లేచి నిలబడి, వాడంతా వినబడేలా వీరప్ప పటేలును ఒక బూతు తిట్టాడు. అంత సంతోషం ఆయనకు పెళ్లినాడు కూడా కలగలేదు.

ఖేడ్‌లో ఎమ్మార్వో ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాడు. విచారణకు గిర్దావర్ వస్తాడన్నారు. ఊళ్లు తిరిగి పంచనామా రాసే రెవెన్యూ మనిషి ఆయన, పేరు సంగమేశ్వర్. ఆ వారమే ఇంకో శుభవార్త. శివమ్మకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది, ఎస్సీ కోటాలో. ఆ ఇంటికి రెండు పండుగలు ఒక్కసారే వచ్చాయనుకున్నారు.

పంచనామా ముందురోజు సంగమేశ్వర్ మొగులప్పను ఖేడ్‌కు పిలిపించాడు. ఆఫీసులో కాదు, ఎదురుగా ఉన్న చాయ హోటలులో కూర్చోబెట్టాడు. మంచిమనిషే, లేకపోతే ఆ మాట ముందుగా చెప్పి ఉండేవాడు కాదు.

"మొగులప్పా, నీ బిడ్డ శివమ్మ సర్టిఫికెటు నా చేతి మీదనే పోయింది. తండ్రి మొగులప్ప, హిందూ, ఎస్సీ. గట్లనే రాసినం గద?"

"అవు సారు."

"రేపు నువ్వు గిద్యోను, మొగులప్ప ఒక్కడే అంటవ్. బాప్తిస్మం పేరు, మిషన్ బడి పేరు. అది రాస్తె నువ్వు పుట్టుకతోని క్రిస్టియన్ అని నేనే రాసిచ్చినట్టు. క్రిస్టియన్ అయితె ఎస్సీ గాదు, బీసీ అయితది. బిడ్డ సర్టిఫికెటు రద్దయితది, సీటు పోతది. అబద్ధం చెప్పి తీసుకున్నరని కేసు గూడ పెట్టొచ్చు."

మొగులప్పకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎడమచెయ్యి తువ్వాల కిందికి పోయింది.

"సారు, ఒక్క మాట చెప్పు. బాప్తిస్మం తీసుకున్నమని పోస్టుమాన్ మా వాడకు వచ్చిండా? హోటల్ల మా గ్లాసు మారిందా? ఊరికి మేం ఎన్నడూ మాదిగోళ్లమే. కాగితం కాడికి వచ్చేటాలకు గాదా?"

"నేను రాసిన చట్టమా మొగులప్పా అది?" అన్నాడు సంగమేశ్వర్, గ్లాసులోకి చూస్తూ. "ఒక్కడంటవా, ఇద్దరంటవా, రేపు నువ్వు చెప్పు. చెప్పిందే రాస్త. నేనైతె ఏం అడగ, ఏం జూడ."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ కప్పా తనే, పామూ తనే. ఇంటికొచ్చేసరికి హన్నమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది, శివమ్మ ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. చెప్పకుండా దాచాలనుకున్నాడు గాని కోపం దాచుకునే అలవాటు లేని మనిషి, సంగతంతా ఒక్క ఊపిరిలో కక్కేశాడు. శివమ్మ పెట్టె మూత వేసింది.

"సీటు పోతె పోనీ నాయినా. నీ బిళ్ళలు నువ్వు తెచ్చుకో."

"పోతె పోనీయా? మళ్ల వస్తదా అది?"

"నీ ఏళ్లు మళ్ల వస్తయా?" అని ఆ పిల్ల కూడా గొంతు లేపింది. తండ్రి కోపంలో సగం ఆమెకే వచ్చింది. "నాకు ఎర్క వచ్చిన కాడికెల్లి గదే కొట్లాట జూస్తున్న. ఇప్పుడు నా కోసమని ఊకుంటవా? పటేలు నవ్వితె నేను ఏ మొఖం పెట్టుకొని పోవాలె బడికి?"

"టీచరు మొఖం పెట్టుకొని పో!" అని అరిచాడు మొగులప్ప. "వాని మనుమలకు నువ్వు అఆలు చెప్పు. తప్పు రాస్తె చెవు మెలిపెట్టు!"

ఇద్దరూ అటొకరు ఇటొకరు తిరిగి కూర్చున్నారు. చేట ఆడుతూనే ఉంది. హన్నమ్మ తల ఎత్తకుండానే అంది.

"ఏసు ప్రభువు శిష్యుడు పేతురు గూడ ఆయన నాకు ఎర్క లేదన్నడు. గాయన్ను ప్రభువు ఇడిసిపెట్టలేదు గద."

మొగులప్ప అన్నం తినకుండా పడుకున్నాడు.

తెల్లారి పంచనామా చర్చి ముందు పెట్టారు. గిర్దావర్‌కు బడి నుంచి కుర్చీ తెచ్చారు, సాక్షిగా వచ్చిన వీరప్ప పటేలుకు ఇంకోటి తెచ్చారు. వాడంతా చుట్టూ చేరింది. ఆ ఒక్క పేరు పలకడానికి వాళ్లందరూ సిద్ధంగానే ఉన్నారు. శివమ్మ చర్చి గుమ్మంలో నిలబడింది. అప్పుడు వాగు అవతల సైకిలు ఆగింది. మాణిక్యప్ప సైకిలు అక్కడే వదిలి, ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ వాగు దాటి వాడలోకి వచ్చాడు. రిటైరు కాబోతున్న మనిషి. ఇన్నేళ్లలో ఆయన ఆ గడ్డ తొక్కడం అదే మొదలు. ఎవరూ పిలవలేదు, తనంతట తనే వచ్చి గిర్దావర్ ముందు నిలబడ్డాడు.

"సారు, నా మాట గూడ రాసుకో. గిద్యోను అంటే గీ మొగులప్పనే. పార్సెలు వాపసు పంపింది నేను. వాడకు వచ్చి అడగాల్సుండె, అడగలే. తప్పు నాదే. ఎక్కడ సంతకం పెట్టమంటె అక్కడ పెడత."

మొగులప్ప ఒళ్లు భగ్గుమంది. ఈ మాట కోసం ఎన్ని ఏండ్లు కాచుకున్నాడు! పంచాయితీ నాడు అని ఉంటే, పోయినేడు అని ఉంటే, కిందటి నెలలో అని ఉన్నా చాలేది. ఆ ముసలివాడి రెండు చేతులూ పట్టుకోవాలనీ అనిపించింది, ఆ వాగులోకే తోసెయ్యాలనీ అనిపించింది.

"ఏమంటవ్ మొగులప్పా?" అని గిర్దావర్ అడిగాడు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

మొగులప్ప గుమ్మం వైపు చూశాడు. శివమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఆయన మొఖం తిప్పుకున్నాడు.

"మాణిక్యప్ప తప్పేం లేదు సారు. ముసలితనం, ఏదో అంటుండు. గప్పుడు పార్సెలు మీద ఆయన రాసిందే నిజం." ఎడమచెయ్యి తువ్వాల కింద ఇంకా లోపలికి పోయింది. "గిద్యోను అనే మనిషి మా ఊర్ల లేడు."

మాణిక్యప్ప నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. వీరప్ప పటేలు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి తొడ చరుచుకున్నాడు.

"నేను ముందుగాలకెల్లి చెప్తలేనా? మిలిటరీ లేదు, యుద్ధం లేదు. గానుగల పెట్టుకున్నడు సారు గీడు!"

గిర్దావర్ రాయడం ముగించి కాగితం ముందుకు తోశాడు. మొగులప్ప కలం తీసుకుని తెలుగులో, ఒక్కొక్క అక్షరమే అదిమి, మొగులప్ప అని సంతకం పెట్టాడు. కలం పాళీ కాగితాన్ని చించినంత పని చేసింది.

"సంతకం పక్కన ముద్ర గూడ ఎయ్యాలె" అన్నాడు గిర్దావర్, సిరా డబ్బీ మూత తీస్తూ. "ఎడమ బొటనేలు."

మొగులప్ప కదల్లేదు. గిర్దావర్ అలవాటు కొద్దీ చెయ్యి చాపి, "ఊ, తే" అన్నాడు. అప్పుడు మొగులప్ప భుజం మీది తువ్వాల లాగి కింద పడేశాడు. ఎడమచెయ్యి విప్పి, అందరికీ కనబడేలా, సరిగ్గా వీరప్ప పటేలు ముక్కు ముందు నుంచి తీసుకుపోయి కాగితం మీద పెట్టాడు. పటేలు నవ్వు సగంలో ఆగింది. సంగమేశ్వర్ ఆ చేతిని చూసి ఏం చెయ్యాలో తోచక, తెలివితక్కువ ప్రశ్న ఒకటి అడిగాడు.

"ఏలు ఏది?"

"గిద్యోను తీస్కపోయిండు సారు."